కుందుర్పి నుంచి కంప్యూటర్‌తో, అమ్మతో

పోయిన వారం నేను డిగ్రీ పాసైనా. మా ఇంట్లో డిగ్రీ అనేది నాతోనే మొదలు! ఇన్నాళ్లూ నన్ను చదివిచ్చిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ మాత్రం పరీక్షలైన మర్నాడే ఆగిపాయె. పాతసామాన్లాయనకు వేద్దామంటే అమ్మ ఒప్పుకోలే. పోయిన ఎండాకాలం ఆయప్ప రాగి కోసం మా గొర్రెల దొడ్డి పక్కనే వైర్లు కాల్చినాడు. ఆ నల్లపొగకు గొర్రెలు రెండు దినాలు దగ్గినాయి, ఒక పిల్ల చచ్చిపాయె.

బుక్కరాయసముద్రంలో పాత కంప్యూటర్లు తీసుకొనే షెడ్డు ఉండాదని నేను కనుక్కుంటే, "నేనూ వస్తా. ఆడ పొగ కనపడిందంటే కంప్యూటర్ మళ్లీ ఇంటికే" అనింది అమ్మ.

పొద్దున ఆరున్నరకు కుందుర్పిలో బస్సెక్కినాం. కంప్యూటర్‌ను గోనెసంచిలో పెట్టి, దెబ్బ తగలకుండా చుట్టూ గొర్రెల మేతకు ఎండబెట్టిన శెనక్కాయ కట్టె కూరింది అమ్మ.

"ఏమక్కా, గొర్రెలకు మేతా?" అన్నాడు కండక్టరన్న.

"కాదప్పా, కంప్యూటరు."

ఆయన లగేజీ టికెట్ కొట్టినాడు. "ఆడోళ్లకు ఫ్రీ అంటిరి కదా!" అని అమ్మ లేచింది.

"మీ ఇద్దరికీ ఫ్రీనే అక్కా. దీనికి ఆధార్ కార్డు ఉండాదా?"

బస్సంతా నవ్వులే.

ఎనిమిదికి కళ్యాణదుర్గంలో దిగి ఉగ్గాని బజ్జీ తింటాంటే, ఒక మేక సంచిలో కట్టె లాగి నమిలేసి, మానిటర్ వైరు దాకా వచ్చింది. అమ్మ చెప్పు తీసింది. మీరు పోయేటట్లుంటే పాతగుడ్డలు చుట్టండి.

అనంతపురం బస్సులో పక్క సీటు తాతకు, అడక్కపోయినా, డిగ్రీ పాసైన సంగతి చెప్పినా.

"ఉద్యోగం వచ్చిందా పాపా?"

"ఇంకా మార్కుల కాగితమే రాలే తాతా."

"మరి ఇంత సంబరమా!" అని నవ్వి, చేతిలో ఒక జామకాయ పెట్టినాడు.

అనంతపురంలో దిగి ఆటో పట్టుకొని, పదకొండుకు షెడ్డు చేరినాం. ఆడ పనిచేసే మస్తానన్న కుర్చీ వేసినా అమ్మ కూచోలే. తిన్నగా షెడ్డు ఎనక్కి పోయి, కాలితో నేల గీకి, పిడికెడు మట్టి తీసి వాసన చూసింది.

"ఏం పోగొట్టుకుంటివమ్మా?"

"బూడిద చూస్తాండా. వైర్లు యాడ కాలుస్తారు?"

"ఈడ కాల్చమమ్మా, ఒలుస్తాం."

ఆయన ఒక వైరు మిషన్‌లో పెట్టినాడు. రాగి ఒకపక్క, తొక్క ఒకపక్క పడె. "శెనక్కాయ ఒలిచినట్లే ఉండాదే! జరుగప్పా" అని అమ్మ ఇంకో రెండు వైర్లు తానే ఒలిచింది. బోర్డులు విప్పి, లైసెన్సున్న ఫ్యాక్టరీకి పంపుతారంట.

హార్డ్‌డిస్క్‌ తీసి, దాంట్లోది ఇంకెవరూ చూడకుండా మా ముందరే దానికి డ్రిల్లుతో తూట్లు పొడుస్తాంటే మాత్రం, "అయ్యో, నా బిడ్డ చదువంతా దాంట్లోనే ఉండాది కదప్పా!" అని కేక పెట్టింది. అన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నానని చూపిస్తే, దాన్ని లాక్కొని కొంగున ముడేసుకుంది. అప్పుడు గానీ మిగతా కంప్యూటర్ ఉన్న సంచి మస్తానన్న చేతికి ఇయ్యలే.

నాలుగుకు తిరుగు బస్సు. ఎండిన చేన్లు చూసుకుంటా, డిగ్రీ చదివింది నేనైనా మట్టి వాసన చూడాలని తట్టింది అమ్మకే కదా అని మురిసిపోతాండా.

"రేపు ఆ పాతసామాన్లాయన్ని పిలువు" అనింది అమ్మ. "వైరు ఎట్ల ఒలుస్తారో ఆ షెడ్డుకు తోల్కపోయి చూపిస్తాం."

"రానంటేనో?"

"నా దొడ్డికాడ అగ్గిపెట్టె తియ్యనీ, చెప్తా."