అక్క అడిగిన ప్రశ్న

ఫోన్‌లో పంటలు పండించే ఆటంటే నాకు ఎనిమిదేళ్ల పిచ్చి. మొన్న జనగామలో కొత్త ఫోన్ కొని ఆట తెరిస్తే, ఓటీపీ అక్క నంబరుకు పోయింది. ఖాతా తెరిచిన రోజుల్లో మా ఇంటికంతా ఆ ఒక్క నంబరే. పెళ్లయ్యాక అది ఆమెతో రేగొండ వెళ్లింది. సాయంత్రం మా ఆట గ్రూపులో పోటీ ఉంది. అక్కకు ఫోన్ చేశాను. పత్తి చేనులో ఉంది.

“అక్కా, ఇప్పుడే మెసేజ్ వచ్చింది. జర ఆ అంకెలు చదువు.”

“ఎవలడిగినా చెప్పద్దని నువ్వే గదరా నా తలకాయ తిన్నవు.”

నిజమే. దసరాకు వెళ్లినప్పుడు ఆమెతో మూడుసార్లు వల్లె వేయించాను. నా ఖర్మ.

“నేను నీ తమ్మున్నే అక్కా.”

“దొంగలు గొంతు గూడ మారుస్తరని నువ్వే చెప్పినవు. తమ్మునివైతే చెప్పు. బాపు రేడియో ఎవలు ఇప్పి చెడగొట్టిన్రు? దెబ్బలైతే నేను తిన్న.”

పళ్లు కొరుక్కున్నాను. చివరికి “నేనే” అన్నాను, ఇరవై ఏళ్లలో మొదటిసారి.

అక్క తాపీగా అంకెలు చదివింది. అప్పటికే వాటి గడువు దాటిపోయింది.

“ఇంకోటి పంపియ్యి,” అంది. “ఇంకో ప్రశ్న ఉన్నది.”