సముద్రం చేరని పిట్ట

ఇన్నేళ్లుగా నేను మనసులో పెట్టుకుని తిరుగుతున్న సంగతి ఒక పిట్టది. వినగానే మీకు నవ్వు రావచ్చు. ఒక పిట్ట కోసం ఇంత కుమిలిపోవాలా అనిపించవచ్చు. నేనూ నాకు అలాగే సర్దిచెప్పుకున్నాను. చాలాకాలం మనసు సర్దుకుపోయింది కూడా. కానీ ఆ పిట్ట వెనక ఒక మనిషి ఉంది. ఆమె గురించి చెప్పాలంటే పిట్ట దగ్గర మొదలుపెట్టక తప్పదు.

నా పేరు చెప్పను. మాది కాజీపేట. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. పిల్లలు చదువులకని హైదరాబాద్ వెళ్లాక పొద్దుపోక, ధర్మసాగర్ చెరువు కట్ట మీద ఆదివారాలు పనిచేసే ఒక గుంపులో చేరాను. సైన్సు టీచరుగా రిటైరైన రాజేశం సార్ దాన్ని నడిపేవారు. పెద్ద పనులేం కావు. నీళ్ల ఒడ్డున తెగిపడిన వలల ముక్కలు, పతంగుల మాంజా ఏరేవాళ్లం. కాళ్లకు దారం చుట్టుకున్న కొంగల్ని పట్టుకుని విడిపించేవాళ్లం.

ఒక ఏడాది అటు తీరాన తుఫాను పట్టింది. ఇక్కడ మాకు రోజుల తరబడి ముసురు. వాన వెలిసిన పొద్దున కట్ట కింది బురదలో సార్‌కు ఒక పిట్ట దొరికింది. అలాంటిది మేమెవరం చూడలేదు. పైనంతా బొగ్గు నలుపు, పొట్ట తెలుపు, ఒంటికి మించిన రెక్కలు. నిలబడబోయి పక్కకు ఒరిగిపోతోంది. తీరంలో సముద్రపు పక్షుల్ని కాపాడే వాలంటీర్లు కొందరు సార్‌కు తెలుసు. ఫొటో పంపితే వాళ్లు వెంటనే ఫోన్ చేశారు. అది నడిసముద్రంలో బతికే పక్షి అట. గుడ్లు పెట్టడానికి తప్ప నేల మీద వాలదట. గాలి దాన్ని ఇంత దూరం ఈడ్చుకొచ్చిందన్నారు. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి, చిన్న చేపముక్కలు పెట్టండి, కోలుకున్నాక బాపట్ల వైపు జనం, కుక్కలు లేని తీరం చూసి వదలండి అన్నారు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చచ్చిపోతుంది అని.

ఫోను స్పీకర్‌లో ఉంది. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

పిట్ట మా ఇంట్లోనే కోలుకుంది. చేపముక్క పెడితే నా వేలిని కూడా కలిపి పట్టేది. తీసుకెళ్లేదెవరు అన్నప్పుడు, మాకు రైలు పాస్ ఉంది కదా, నేను పోతానన్నాను. ఎందుకు ముందుకొచ్చాను? పిట్ట మీద ప్రేమతో అని చెప్పగలను. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. అప్పటిదాకా ఆ గుంపులో నేను చాయ్ ఫ్లాస్క్ తెచ్చే మనిషిని. ఆ మాట అనగానే అందరూ నావైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు బాగా అనిపించింది.

రైల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మహబూబాబాద్ దాటాక లోపల చప్పుడు ఆగిపోయింది. మూత కొంచెం తీసి చూశాను. పిట్ట నోరు తెరిచి రొప్పుతోంది. ఎదురు సీటు పెద్దామె తొంగి చూసి, పాపం దూప అయితాంది, జర నీళ్లు పొయ్యమ్మా అంది. వద్దన్నారని చెప్పొచ్చు. నాకు గుర్తు లేకనా? గుర్తుంది. కానీ ఆ నోరు చూస్తుంటే ఆగలేకపోయాను. ఫోన్లో చెప్పినవాళ్లకేం తెలుసు, ఇన్ని రోజులు పెంచింది నేను కదా అని కూడా అనుకున్నాను. బాటిల్ మూతతో నీళ్లు పోశాను. ఇంకో మూత. పిట్ట ఒక్కసారి తల విదిలించింది. ముక్కులోంచి బుడగలు వచ్చాయి. రెక్కలు పెట్టె గోడలకు కొట్టుకుని, మెడ నా మణికట్టు మీద వాలిపోయింది.

పెద్దామె మొహం తిప్పుకుంది.

అప్పుడే సార్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, మన పిట్ట ఎట్లుందమ్మా అని. నేను 'బాగుంది సార్' అని టైప్ చేశాను. అంత సులువుగా. ఇంటికెళ్లాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అలా అనుకున్నాను, నమ్మండి. ఖమ్మంలో రైలు ఆగితే దిగి, ప్లాట్‌ఫాం చివర ముళ్లపొదల్లో ఆ పెట్టె పెట్టేసి వచ్చాను. మళ్లీ రైలెక్కాను. ఎందుకెక్కాను? అక్కడి నుంచే తిరిగి వచ్చేయొచ్చు కదా. లేదంటే పెట్టెను సముద్రం దాకా తీసుకెళ్లి ఇసుకలోనైనా పాతిపెట్టొచ్చు కదా. ఆ పాటి మర్యాద కూడా చేయలేదు. చచ్చిన పిట్ట ఖమ్మంలో ఉండిపోయింది. నేను ఒట్టి చేతులతో సముద్రానికి వెళ్లాను.

బాపట్ల తీరంలో చాలాసేపు నిలబడ్డాను. దూరంగా అలల మీద ఏవో పక్షులు ఎగురుతున్నాయి. ఫోన్ తీసి వీడియో పట్టాను. అన్నిటికన్నా దూరంగా పోతున్న దాన్ని చూపించి, అదిగో, మన పిట్ట పోతోంది అని నా గొంతుతో నేనే చెప్పాను. అది గ్రూపులో పెట్టాను.

రాజేశం సార్ ఏడ్చారట. ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్లింది. తర్వాతి ఆదివారం కట్ట మీద నాకు శాలువా కప్పారు. దారిలో ఎట్ల చూసుకున్నావమ్మా అని ఎవరో అడిగారు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేనేమన్నానో తెలుసా? మధ్యలో డీలా పడింది, వద్దన్నారు గానీ మనసాగక కొంచెం నీళ్లు తాపిన, అప్పుడు తేరుకుంది అన్నాను.

ఆ మాట ఎందుకు కల్పించానా అని ఎన్నిసార్లు తవ్వుకున్నానో. ఎవరూ నన్ను అనుమానించలేదు, నీళ్ల సంగతి అడగనూ లేదు. నేను చేసిన పనిని పదిమంది మంచిదంటే అది మంచిదైపోతుందని నాలోపల ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది. వాళ్లు తలలూపారు. నీ హస్తవాసి మంచిదమ్మా అన్నారు సార్. ఆ తర్వాత దెబ్బతిన్న ఏ పక్షి దొరికినా ముందు నా చేతిలోనే పెట్టేవారు.

ఆ వీడియో చూసి మా గుంపులో చేరింది సునీత. కాజీపేటలోనే బట్టలు కుడుతుంది. పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మ మంచం పట్టి పోయేదాకా చాకిరీ అంతా తనే చేసింది. చర్చి అయిపోగానే ఆదివారం బువ్వ కూడా తినకుండా కట్టకు వచ్చేది. నేను చెప్పే ప్రతి మాటా శ్రద్ధగా వినేది. నన్ను అక్కా అనే పిలుపులో ఒక నమ్మకం ఉండేది. నా సొంత చెల్లెళ్లు కూడా నన్ను అలా పిలవలేదు.

కొన్నేళ్లకు మళ్లీ తుఫాను వచ్చింది. మళ్లీ అలాంటి పిట్టే ఒకటి రైల్వే క్వార్టర్ల దగ్గర పడితే సునీతకు దొరికింది. నేను పెళ్లికని కరీంనగర్ వెళ్లి ఉన్నాను. ఫోన్ చేసింది. నోరు తెరుస్తాంది అక్కా, నువ్వు తాపినట్టు నీళ్లు తాపాల్నా అని అడిగింది. వద్దు. ఆ ఒక్క మాట అంటే చాలు. కానీ వద్దంటే, మరి నువ్వు తాపితివి కదా అంటుంది. దానికి ఏం చెప్పాలి? పెళ్లిపందిట్లో సన్నాయి మోగుతోంది, ఎవరో నా చెయ్యి పట్టి లాగుతున్నారు. కొంచెం తాపు, మెల్లగా అన్నాను.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. పిట్టను పాత చున్నీలో చుట్టి పెట్టింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"నువ్వు తాపితే బతికింది గదక్కా. నేను గట్లనే తాపిన. మెల్లగనే తాపిన. నాకెందుకు సచ్చింది?"

ఆమె తన కుడిచెయ్యి చాపి చూసుకుంది.

"నా చెయ్యే మంచిది కాదక్కా. అమ్మకు గుడ ఆఖరికి నేనే గంజి తాపిన. గిట్లనే కండ్లు తేలేసింది. ఇదే చెయ్యి."

"అట్లనుకోకు సునీతా. దాని ఆయుష్షు అంతే."

నేనన్నది ఇంతే. ఆమె తన చేతుల్ని చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఆమె ఎదురుగా, అంత దగ్గరగా కూర్చుని, నిజం గొంతు దాకా వచ్చినా మింగేశాను. దాని బదులు తల నిమిరాను. ఆ నిమరడం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

సునీత మళ్లీ కట్టకు రాలేదు. ఆ తర్వాత నేను ఎవరినీ పక్షుల నోట్లో నీళ్లు పోయనివ్వలేదు. పశువుల డాక్టరు చెప్పారన్నాను. నిజం చెప్పడానికి కూడా ఇంకో అబద్ధం తోడు తెచ్చుకున్నాను. ఆ జాగ్రత్త వల్ల బతికిన పక్షులు ఉన్నాయి. వాటిని లెక్కలో వేసుకుని నిద్రపోవడానికి ప్రయత్నించేదాన్ని.

మొన్నీమధ్య సునీత చెల్లెలు నన్ను భోజనానికి పిలిచింది. వాళ్ల పాపకు చర్చిలో ప్రార్థన చేయించారు. వచ్చినవాళ్లంతా పాపను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటున్నారు. సునీత దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. గిన్నెలున్నయి అని వంటింట్లోకి వెళ్లిపోయింది. చెల్లెలు నాతో మెల్లగా అంది, పుట్టినకాన్నుంచి అక్క ఒక్కసారి ఎత్తుకోలేదు అక్కా, నా చేతిల వద్దు అంటది, పాల సీసా గుడ పట్టదు అని.

కంచం పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లూ నేను పిట్టల లెక్క చూసుకున్నాను. ఇక్కడ ఒక మనిషి తన రెండు చేతుల్నీ నమ్మడం మానేసింది. అది నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు కొంగులో చుట్టుకున్నప్పుడే తెలుసు. చూడనట్టు ఉండిపోయాను. నా పేరు, ఆ శాలువా, సార్ దృష్టిలో నా విలువ, ఇవి అంత పెద్దవా? ఆ రోజు పెద్దవే అనిపించాయి. సిగ్గు వదిలి చెబుతున్నాను.

రెండు రోజులు ఊరుకుని, సునీత బట్టలు కుట్టే షాపుకు వెళ్లాను. మధ్యాహ్నం, ఎవరూ లేరు. జాకెట్టు కుడుతోంది. మొత్తం చెప్పాను. రైలు, నీళ్లు, ఖమ్మం, వీడియో, శాలువా. మిషన్ ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. ఒకే ఒక్కటి అడిగింది.

"ఫోన్ల నాకు తాపుమన్నప్పుడు, నీకు ఎరుకేనా అక్కా?"

ఎరుక లేదని చెప్పే వీలుంది. సందేహంగా ఉండె అనీ అనొచ్చు.

"ఎరుకే" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సూదిలోంచి జారిన దారాన్ని మళ్లీ ఎక్కించడానికి ప్రయత్నించింది. అది ఎక్కలేదు. "పో అక్కా" అంది, నావైపు చూడకుండా. "ఇంక ఇటు రాకు."

వచ్చేశాను. క్షమిస్తుందని ఆశపడ్డానా? పడ్డాను. ఆమె చేతులు తప్పు చేయలేదని చెప్పి, ఆమె బరువు దించి, ఆ పుణ్యంలో నేనూ కొంచెం పంచుకుందామనుకున్నాను. ఒప్పుకోవడంలో కూడా నాకు స్వార్థమే ఎదురైంది. ఆమె ఆ పాపను ఎత్తుకుందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేసుకున్నాను. రాజేశం సార్‌కు చెప్పాలి. వీడియో చూసి ఏడ్చిన ఆ పెద్దమనిషి మొహంలోకి చూసి ఎలా చెబుతానో ఇంకా తెలియదు. ఆదివారం వెళ్తాను.

షాపు నుంచి తిరిగి వస్తుంటే ఆటోలో పక్కనామె నన్ను గుర్తుపట్టింది. మా కాలనీలో ఎక్కడో చూసినట్టుంది. "సముద్రంల పిట్టను ఇడిసిపెట్టిన మేడం మీరే గదా?" అంది నవ్వుతూ.

అలా ఎవరు అడిగినా అవునని తల ఊపడం నాకు అలవాటు.

"ఇడిసిపెట్టలేదమ్మా" అన్నాను. "అది రైల్లనే సచ్చిపోయింది. నేనే సంపిన."

ఆమె నవ్వు ఆగిపోయింది. బ్యాగు దగ్గరికి లాక్కుని బయటికి చూడసాగింది. చౌరస్తాలో దిగిపోయింది. ఆటో కదిలింది. నేను ఇంకోసారి, ఎవరికీ వినపడకుండా, ఆ మాటే మళ్లీ అనుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఇల్లు చేరేదాకా కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత, ఊరికే కూర్చున్నాను.