నా ఆలోచనే అన్న సీతాదేవి

సింగపూర్‌లో సీతాదేవికి అన్నిటికంటే కష్టమనిపించిన ప్రశ్న ఒకటే. "మీరేం చేస్తుంటారండీ?"

ఆమెది సామర్లకోట. హోమ్‌సైన్స్ డిగ్రీ చదివింది. 1998లో భర్త సుధాకరరావు వై2కె పని మీద వచ్చి, ఆర్నెల్లకు ఆమెనూ కూతురు నిఖిలనూ తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో టాంపినీస్‌లో ఏ తెలుగువాళ్ళింట పుట్టినరోజు జరిగినా, వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది ప్రోగ్రామర్లే. ఒకరు బ్యాంకు ప్రాజెక్టు సంగతి చెబితే ఇంకొకరు డాట్‌కామ్ కంపెనీ షేర్ల గురించి చెప్పేవారు. "ఇంట్లోనే ఉంటానండీ" అని సీతాదేవి అనగానే, అడిగినావిడ తలూపి పక్కావిడ వైపు తిరిగేది.

మరుసటేడు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక పాత ఫ్లాటొకటి కొన్నారు. నాలుగు గదులని పేరే గాని అది హాలుతో కలిపి లెక్క. అందులో భర్త కంప్యూటర్లు, నిఖిల పుస్తకాలు, పైగా ఇండియా నుంచి కొత్తగా దిగి అద్దెగది దొరికేదాకా వీళ్ళ దగ్గరుండే కుర్ర ఇంజనీర్లు. ఎవరెక్కడ పడుకోవాలో రోజూ ఒక సమస్య.

రెనొవేషన్ కాంట్రాక్టరు పంపిన వడ్రంగుల్లో వెంకటరాజు ఒకడు. వర్క్ పర్మిట్ మీద వచ్చి క్రాంజీలో పనివాళ్ళ డార్మిటరీలో ఉండేవాడు. ఊరు తాళ్ళరేవు. వాళ్ళది తాతల నాటి నుంచి పడవలు కట్టే కుటుంబం. సీతాదేవి మాట చెవిన పడగానే తమ జిల్లావారని పోల్చుకున్నాడు.

కాంట్రాక్టరు గీయించిన ప్లానులో గోడ పొడుగునా మామూలు అలమరలే ఉన్నాయి. వెంకటరాజు అది చూసి పెదవి విరిచాడు.

"ఇలాక్కాదండి. పడవలో సరంగు పడుకునే బల్లే పగలు సామాన్ల పెట్టెండి. ఒక్క అంగుళం వదలమండి. ఇల్లు కూడా అలా కట్టుకోవచ్చండి. గీసి చూపిత్తానుండండి."

సుద్దముక్క తీసుకుని నేలమీదే గీశాడు. కిటికీ కింద కూర్చునే బల్ల, దాని అడుగున లాగితే మంచం. గోడలోంచి దిగే భోజనాల బల్ల, పైకెత్తి బిగిస్తే దాని వెనకవైపు నిఖిల రాసుకునే బోర్డు. అంచులన్నీ గుండ్రం. సీతాదేవి చేసిందల్లా కాంట్రాక్టరును ఒప్పించడం, రంగులూ పరదాలూ ఎంచుకోవడం. పని పూర్తయ్యాక ఆ ఇంట్లో ఏడుగురు హాయిగా పడుకునే వీలు కలిగింది. వచ్చినవాళ్ళంతా నోరు తెరిచి చూసేవారు. జీవితంలో మొదటిసారి సీతాదేవి చుట్టూ ఆడవాళ్ళు మూగారు.

ఆ ఏడాదే టీవీలో ఒక పోటీ ప్రకటించారు. ఇంటివాళ్ళు సొంతంగా రూపకల్పన చేసుకున్న ఫ్లాట్లకు మార్కులు వేసి, చివరికి ఒక ఇంటిని గెలిపిస్తారు. సుధాకరరావు ఫొటోలు పంపాడు. ఎంపికైన ఆరు ఇళ్ళలో వీళ్ళదీ ఒకటి.

ఆ ఆదివారం వెంకటరాజు వదులైన మడతబందొకటి బిగించడానికి వచ్చాడు. "నీ పేరు చెప్తాను రాజూ, టీవీలో" అంది సీతాదేవి.

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "నిజమేనాండి? ఆయ్, అయితే మా నాన్నకి చెప్పేత్తానండి."

షూటింగు రోజున హాలంతా లైట్లు, వైర్లు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆర్కిటెక్టు. వాళ్ళ దేశంలో అందమైన ఇళ్ళను ఎంచే ఇలాంటి టీవీ పోటీలోనే మార్కులు వేసేవాడట. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మంచం లాగి చూశాడు, గుండ్రటి అంచును అరచేత్తో తడిమాడు.

"ఇది పడవలా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో. "ఎవరికొచ్చిందీ ఆలోచన?"

కెమెరా ఆమె ముఖానికి దగ్గరగా వచ్చింది. వెంకటరాజు పేరు నాలుక చివరే ఉంది. అది చెబితే ఇక తను చేసిందేమిటి? పరదాలు. ఆ ఒక్క క్షణంలో ఆమెకు తట్టింది అదే.

"నా ఆలోచనే. గోదావరి దగ్గర పుట్టాను. చిన్నప్పటి నుంచీ పడవలు చూస్తూ పెరిగాను" అంది.

"రాజు అంకుల్ డ్రా చేశాడు లా" అంది పక్కనున్న నిఖిల, బళ్ళో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషు యాసలో.

సీతాదేవి నవ్వింది. "అంకుల్ మేకులు కొట్టాడంతే" అంటూ కూతురి భుజం గట్టిగా నొక్కింది. ఆర్కిటెక్టు పిల్లవైపు, తరవాత తల్లివైపు చూసి మళ్ళీ అడిగాడు. "మొత్తం మీదేనా?" సీతాదేవి అవునంది. సుధాకరరావుకు నిజం తెలుసు. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళ ఇల్లే గెలిచింది. గురువారం సాయంత్రం కార్యక్రమం వచ్చింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. నిఖిల మాత్రం టీవీ ముందు నుంచి లేచి వెళ్ళి హోంవర్కు ముందు కూర్చుంది. సీతాదేవి వెనకే వెళితే తలెత్తకుండా "వై యూ లైడ్, అమ్మా?" అని అడిగింది. సీతాదేవి పిల్ల జడ సరిచేసి వచ్చేసింది.

ఆ తరవాతి మూడు రోజులూ ఆమె అన్నం సరిగా తినలేదు. ఎవరు అభినందించినా మాట మార్చేసేది. ఆదివారం మధ్యాహ్నం, బహుమతిగా ఇచ్చిన గాజు ఫలకాన్ని సంచిలో పెట్టుకుని, రైలూ బస్సూ మారి క్రాంజీ వెళ్ళింది.

డార్మిటరీ వరండాలో బట్టలు ఆరేస్తున్న వెంకటరాజు ఆమెను చూసి తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. కుర్చీ తెచ్చినతను ఆమె ముఖం చూడలేదు. గురువారం ముప్ఫైమందిని క్యాంటీన్ టీవీ ముందు కూర్చోబెట్టి, ఇదిగో ఇప్పుడు నా పేరు చెప్తారని వెంకటరాజు చెబుతూ ఉన్నాడని ఆమెకు తరవాత తెలిసింది.

"తప్పు చేశాను రాజూ. ఇది నీది" అని ఫలకం తీసింది.

అతను దాన్ని చేతిలోకి తీసుకుని చదివి, తిరిగి ఇచ్చేశాడు. "దీని మీద తమరి పేరుందండి. నేనేం చేసుకుంటానండి?"

ఆమె ఫలకాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుంది. అతనే అన్నాడు. "నా సంగతి పర్లేదండి. మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడండి. ఇక్కడి నాలుగింటికి మా ఊరి బూత్ కాడికొత్తాడు ఫోనుకి. ఆయనకేం చెప్పాలో తమరే చెప్పండి."

"నేనే మాట్లాడతాను" అంది.

పబ్లిక్ ఫోన్ల దగ్గర ఆదివారం క్యూ. నాలుగింటికి వంతు వచ్చింది. వెంకటరాజు కార్డు పెట్టి నంబరు కలిపి రిసీవర్ ఆమెకిచ్చాడు. అవతల అతని తండ్రి కొండయ్యకు చెవుడు.

"కొండయ్యగారూ, ఆ ఇంట్లో పనంతా మీ అబ్బాయి ఆలోచనే. టీవీలో నాదని అబద్ధం చెప్పాను" అంది మెల్లగా.

"ఆఁ? ఇనపట్టంలేదమ్మా!"

ఇంకొంచెం గట్టిగా చెప్పింది. అదీ వినిపించలేదు. ఇక మూడోసారి అరవక తప్పలేదు. "అబద్ధం చెప్పానండీ! అంతా మీ అబ్బాయి చేసిందే! నాది కాదు!"

క్యూ అంతా ఇటు తిరిగింది. భాష తెలియని తమిళ కుర్రాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఈసారి వినిపించింది. "అబద్ధం ఎందుకమ్మా?" అన్నాడు కొండయ్య. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నాడు. సీతాదేవి రిసీవర్ పట్టుకుని ఏడ్చింది. వెంకటరాజు మెల్లగా రిసీవర్ తీసుకుని, "ఉంటాను నానా" అని పెట్టేశాడు.

ఆ వారం టీవీవాళ్ళకు జరిగింది రాసి ఫలకం తిప్పి పంపింది. కార్యక్రమం ముగిసిందనీ, చేయగలిగిందేమీ లేదనీ రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. ఐర్లండ్ ఆర్కిటెక్టు మాత్రం విడిగా ఒక కార్డు రాశాడు. "అందుకే రెండోసారి అడిగాను" అని, అంతే. తెలుగువాళ్ళలో సంగతి పాకింది. పుట్టినరోజుల పిలుపులు తగ్గాయి. పిలుపు వచ్చిన చోట్లకు కూడా ఆమె వెళ్ళలేదు. వెంకటరాజు తరవాతి ఏడాది పర్మిట్ ముగిసి ఊరెళ్ళిపోయాడు. వెళ్ళేముందు చెప్పడానికి వచ్చాడు గాని గుమ్మం దాటి లోపలికి రాలేదు.

2003లో సుధాకరరావు ఉద్యోగం మారి సింగపూర్ పడమటి కొసన బూన్ లే వైపు వెళ్ళాల్సి వచ్చి ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. కొనడానికొచ్చిన చైనీస్ దంపతులకు సీతాదేవి మంచం లాగి చూపించింది, బల్ల దించి చూపించింది. "ఇదంతా వెంకటరాజు అనే వడ్రంగి రూపకల్పన చేశాడు. నేను కాదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"నైస్ లా" అన్నాడు కొనవచ్చినాయన. "బట్ వీ హ్యాక్ ఎవ్రీథింగ్." అంటే అన్నీ పగలగొట్టించేస్తారట.

అతని భార్య అప్పటికే టేపుతో గోడ కొలుస్తోంది. సీతాదేవి టేపు రెండో కొస పట్టుకుంది.