ఆడని ఆటకు కార్డు లేదు

మొన్న ఓక్‌విల్‌లో కిరాణా కొట్టు బిల్లు దగ్గర నిలబడి ఉంటే, నా ముందున్న పిల్లాడు హాకీ ఆటగాళ్ళ ఫొటోలుండే కార్డుల ప్యాకెట్టు పర్రున చింపాడు. కొత్త అట్టా సిరా కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా కళ్ళు నిండిపోయాయి. వాళ్ళమ్మ కంగారుపడి పిల్లాణ్ణి పక్కకు లాక్కుంది. ఆవిడకేం తెలుసు పాపం, నాకది రాఘవరావు అంకుల్ వాళ్ళ వంటింటి వాసన అని.

విద్యార్థులం విమానాలకు విమానాలు నింపుకుని కెనడాలో దిగుతున్న రోజులవి. ఇక్కడి కేంబ్రిడ్జ్‌లో చిన్న గది దొరకడం కూడా గగనమే. అలాంటప్పుడు అంకుల్ తన ఇంటి బేస్‌మెంట్‌ను నాకూ నా స్నేహితురాలికీ అద్దెకిచ్చారు. గుంటూరు నుంచి అమెరికా మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. నవ్వు విషయంలో మహా పిసినారి. పైన ఆయనా, సుజాత ఆంటీ, గోడ మీద దండ వేసిన కార్తీక్ ఫొటో. వాళ్ళకు ఒక్కడే కొడుకు. జూనియర్ హాకీ లీగ్‌లో అతని ఆట చూసి పెద్ద లీగ్ జట్టొకటి ఎంపిక చేసుకుందట. ఆ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే బ్లడ్ క్యాన్సర్ మింగేసింది. మేము చేరేసరికి అతను పోయి కొన్ని నెలలే అయింది. అంకుల్ నోట కొడుకు ఊసే వచ్చేది కాదు.

ఆదివారం మాత్రం వంటింటి బల్ల మీద కార్డులు పరుచుకుని కూర్చునేవారు. తండ్రీ కొడుకులు కలిసి పోగుచేసినవి. ఓసారి కాఫీకని పైకెళ్ళి, జూనియర్ జట్టు చొక్కాలో ఉన్న కార్తీక్ కార్డు చూసి మురిసిపోయాను.

"ఇది కార్తీక్ రూకీ కార్డా అంకుల్? మొట్టమొదటిది కదా!"

"మొదటిదే. రూకీ కార్డు మాత్రం కాదు."

"మొదటిదైతే రూకీ కాదా? ఇదేం లెక్క!"

"పెద్ద లీగ్‌లో మ్యాచ్ ఆడాలమ్మా. ఆడాక, ఆ మొదటి సీజన్‌లో, ఆ జట్టు చొక్కాతో, అందరూ కొనుక్కునే మామూలు ప్యాకెట్లో వచ్చిందే అసలైన రూకీ కార్డు. జూనియర్‌లో వచ్చినవి, సెలెక్ట్ అయినప్పటివి, తళుకులద్దిన స్పెషల్‌వి, తర్వాత మళ్ళీ ప్రింట్ చేసినవి, ఏవీ కావు."

నాకు ఒళ్ళు మండింది. పోయిన కొడుకు దగ్గర కూడా రూల్సేనా? అవునమ్మా అంటే ఆయన సొమ్మేం పోయింది? కాఫీ తాగి కిందికి దిగిపోయాను.

కార్తీక్ పోయి ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. వంటలో సాయానికి మేమిద్దరమూ పైనే ఉన్నాం. ఫొటో ముందు విస్తరి వేసి గారెలు, పరమాన్నం పెట్టిన ఆంటీ, పక్కనే ఒక కార్డు నిలబెట్టింది. అందులో కార్తీక్ పెద్ద లీగ్ చొక్కాలో నవ్వుతున్నాడు. మూలన రూకీ గుర్తు కూడా ఉంది. భోజనానికి వచ్చినవాళ్ళలో ఎవరో "అబ్బో, రూకీ కార్డు కూడా వచ్చిందా!" అనేసరికి ఆంటీ మొహం వెలిగింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడను అలా చూడటం అదే మొదలు.

అంకుల్ కార్డు చేతిలోకి తీసుకున్నారు. "ఎక్కడిది సుజాతా?"

"నేనే ప్రింట్ చేయించా. ఇంకొన్నాళ్ళుంటే ఆడేవాడే కదండీ!"

"ఆడేవాడే. ఆడలేదు."

"ఒక్క కార్డండీ! ఎవరికి నష్టం?"

"వాడికే. ఆడనిది ఆడాడని చెప్తే, నిజంగా ఆడినవి రేపు ఎవరు నమ్ముతారు?"

ఆంటీ కుప్పకూలినట్టు నేల మీద కూర్చుని భోరుమంది. అంకుల్‌ను నాలుగు కడిగేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఈలోపు ఆయనే వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడ్డారు.

"సస్కటూన్‌లో ఆడిన మ్యాచ్ గుర్తుందా? పన్ను ఊడినా బయటికి రానని మొండికేశాడు."

ఆంటీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పన్ను కాదండీ, పెదవి చిట్లింది. రక్తం చూసి మీరే పన్ననుకున్నారు."

"అవును. పెదవే."

ఇక ఇద్దరూ ఆగలేదు. ఆడిన ఆటలు, ఓడిన ఆటలు, బూట్ల లేసులు కట్టుకోవడం రాక ఏడ్చిన రోజు. వచ్చినవాళ్ళం ఆకలి సంగతే మరిచి వింటూ ఉండిపోయాం. అందరూ వెళ్ళాక ఆంటీ తనంతట తానే ఆ కార్డు తీసి సొరుగులో పెట్టేసింది.

చదువయ్యాక ఉద్యోగానికి నేను ఓక్‌విల్ వచ్చేశాను. పోయిన చలికాలం అంకుల్ గుండెపోటుతో పోయారు. దానికి కాసేపటి ముందే నాకు ఫోన్ చేశారు. కర్మకాండలయ్యాక ఆంటీ ఫోన్‌లో అడిగింది.

"ఆఖరిసారి నీతోనే మాట్లాడారే. నా గురించి ఏమైనా అన్నారా?"

మీ ఆంటీని చూసుకోమన్నారని చెప్పడానికి ఎంతసేపు? మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"లేదాంటీ. కారుకి వింటర్ టైర్లు వేయించావా అని అడిగారు. ఇంకా లేదన్నా. తిట్టి ఫోన్ పెట్టేశారు."

అనవసరంగా చెప్పానా అని నా ప్రాణం ఉసూరుమంది.

"ఏమని తిట్టారు?"

"బుద్ధుందా నీకు, మంచు పడ్డాక వేయిస్తావా అని."

ఆంటీ ఏడుస్తోంది. "అచ్చం ఆయనే" అంది వెక్కిళ్ళ మధ్య. "ఇంకోసారి చెప్పవే."

ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా చెప్తాను.