పెట్రోలు మస్తాన్

ఒక మనిషికి పేరు పెట్టాను. ఆ పేరు బరువు ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర వినుకొండలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. మిరపకాయల వ్యాపారం చేసే ఒక షావుకారు పెట్రోలు కారు నా దగ్గరికే వచ్చేది. దాని డ్రైవర్ మస్తాన్. ఇంజన్ చప్పుడు విని కార్బురేటర్ సరిచేసేవాడు, నాకంటే బాగా. ఒకసారి టీ కొట్టు దగ్గర ఆ మాట నలుగురిలో అన్నాడు కూడా. నిజమే అన్నాడు. అందుకే నాకు మండింది.

ఆ ఎండాకాలం షావుకారు కుటుంబంతో ఊటీ వెళ్లాడు. బయలుదేరే ముందు కొత్త ప్లగ్గులు నేనే వేశాను. కొండ మీద గాలి పలచన. కార్బురేటర్ మాత్రం కింద పోసినంత పెట్రోలే పోస్తుంది. బండి లాగదు, నల్లపొగ కక్కుతుంది, పెట్రోలు ఊరికే తాగేస్తుంది. ఇది నాకు తెలుసు. షావుకారుకి తెలియదు. తిరిగొచ్చాక, పెట్రోలు తీసి అమ్ముకున్నావంటూ మస్తాన్‌ని నా షెడ్డుకి లాక్కొచ్చాడు.

మస్తాన్ కాగితం పొట్లం విప్పి నాలుగు ప్లగ్గులు నా ముందు పెట్టాడు. కొండ మీద మార్చి దాచినవి. మసి గడ్డకట్టి ఉన్నాయి, పెట్రోలు ఇంజనే తాగిందనడానికి సాక్ష్యంగా.

“నువ్వేసినయ్యే గదన్నా. నువ్వన్నా చెప్పు అయ్యగారికి.”

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. దాని మీద నా పానా గీత కనిపిస్తూనే ఉంది.

“ఇయ్యి నేనేసినయి కాదండి. ఏ బండివో తెచ్చాడు.”

మస్తాన్ నా మొహంలోకి చూశాడు. వాటిని మళ్లీ పొట్లం కట్టుకున్నాడు. అతను వెళ్లాక “పెట్రోలు మస్తాన్” అన్నాను. అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు హాయిగా ఉంది. అది కూడా దాచను.

ఆ పేరు ప్రత్తిపాడు దాకా పాకింది. ఇక ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. మిర్చి బస్తాలు మోశాడు. అతనికి ఉబ్బసం, ఆ సంగతీ నాకు తెలుసు. ఆ ఘాటులో వంగిపోయి దగ్గుతుంటే రెండుసార్లు చూశాను. రెండోసారి నన్ను చూసి పక్కకి తప్పుకుంది అతనే. ఎందుకు ఊరుకున్నాను? భయమా? నిజం చెబితే షావుకారు నన్నేం చేసేవాడు? రెండు తిట్లు తిట్టేవాడు. ఆ రెండు తిట్లు పడలేక ఒక మనిషిని దగ్గుకి వదిలేశానా, లేక అతను వంగిపోవడం నాకు లోపలెక్కడో నచ్చిందా? నచ్చింది.

అతను చనిపోయాడని చెప్పినవాడు కూడా పెట్రోలు మస్తాన్ పోయాడనే చెప్పాడు. తెలియనట్టు, ఏ మస్తాన్ అని అడిగాను.

మస్తాన్ దొంగ కాదు. అతని భార్య మా వీధి చివరే ఉంటుంది. ఆమెకి చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. అయినా, నాకు మాత్రం ఊపిరి ఆడుతోంది.