ఆ ఇంటి కూడు

గ్రీకు పురాణాలను ఆడవాళ్ళ వైపు నుంచి మళ్ళీ చెప్పడం నేను నెత్తికెత్తుకున్న పని. మన పురాణాలు చాలలేదా అని మదనపల్లెలో పక్కింటివాళ్ళు కూడా అడిగారు. నేను వింటేగా! పాముల జుట్టు పిల్ల చేత తన గోడు చెప్పించాను. ఏళ్ళ తరబడి మగ్గం ముందు కూర్చుని మొగుడి కోసం చూసిన ఇల్లాలి చేత ఆ మొగుణ్ణి నాలుగు మాటలు అనిపించాను. కాలేజీలో చదివి వినిపిస్తే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో మొదలుపెట్టిన మూడో కథ మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పాతాళపు రాజు ఎత్తుకుపోయిన కూతురి కోసం పంటల దేవత భూమినంతా ఎండగట్టిన కథ అది. చివరికి పెద్దలు రాజీ చేస్తారు. పాతాళంలో ఆ పిల్ల కాసిని దానిమ్మ గింజలు తిన్నది కాబట్టి ఏడాదిలో కొన్ని నెలలు అక్కడే ఉండాలట. తల్లి సరేనంటుంది. ఆ 'సరే' దగ్గర నాకు చెయ్యి ఆడలేదు. రాస్తాను, కొట్టేస్తాను, లేచి వీధి చివరిదాకా పోయి వస్తాను.

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు కుప్పం నుంచి ఒక్క సంచితో వచ్చేసింది. పెళ్ళై రెండేళ్ళు. మొగుడు కొట్టడు, తాగడు. పనికి పోతూ బయట తాళం వేసుకుపోతాడు, అంతే. ఫోను కూడా అతని జేబులోనే. ఒకరోజు తాళం వేయడం మర్చిపోయాడు. ఇది బస్సెక్కింది.

పంచాయితీ మా వసారాలోనే జరిగింది. మేనమామ కాఫీ తాగి తీర్పు చెప్పాడు.

"రెండేండ్లు ఆ ఇంటి కూడు తినిండాది. ఇంగ ఆ ఇంటి మనిషే. పండగలకి ఈడికొచ్చి నాలుగు దినాలు ఉండి పోనీ. యాల రచ్చ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కాగితాల్లోని ముసలి దేవుడొకడు లేచొచ్చి మా కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ వైపు చూశాను. నా కథలో తల్లి ఒక్క గింజ మొలవనివ్వలేదు. మా అమ్మ కళ్ళు తుడుచుకుని, చెల్లెలి బట్టలు సర్ది, పైన ఊరగాయ డబ్బా పెట్టింది.

"నువ్వు సెప్తే ఇంటాది. నువ్వే పోయి దిగబెట్టి రామ్మా" అన్నాడు మామ నాతో. ఆ మొగుణ్ణి నిలబెట్టి కడిగేయవచ్చు కదా అని ఒప్పుకున్నాను. కడిగేశాక చెల్లెల్ని అక్కడే వదిలి రావాలన్న సంగతి బస్సెక్కాక గానీ తట్టలేదు.

కిటికీ పక్కన చెల్లెలు, ఒళ్ళో సంచి. నేను టికెట్టు మడతపెడతాను, విప్పుతాను, మళ్ళీ మడతపెడతాను.

"ఏందక్కా, ముళ్ళ మీద కూసున్నట్టు ఉండావు? ఆ గ్రీకు కతేదో సెప్పు. ఊ కొడతాలే."

చిన్నప్పుడు నా కథలన్నిటికీ ఊ కొట్టింది ఇదే. ఊ ఆగిందంటే నిద్రపోయినట్టు. మొదలుపెట్టాను. పిల్ల పూలు కోస్తోంది. ఊ. నేల చీలింది. ఊ. తల్లి వెతికింది, చేలు ఎండిపోయాయి. ఊ. పెద్దలు దిగొచ్చి పిల్లను తెమ్మన్నారు. ఊ. తీరా చూస్తే అక్కడ గింజలు తినేసింది.

ఊ రాలేదు. తిరిగి చూశాను. నిద్రపోలేదు, నన్నే చూస్తోంది.

"తాళమేసిన సోట ఆకలైతే ఏం తింటాదక్కా? ఆడుండేదే తింటాది. దానికే ఆ ఇంటిదై పోతాదా?"

తల్లికి పేజీలు పేజీలు రాశాను. కూతురికి ఒక్క మాట రాయలేదు.

"నీకు పోవాలనుందా?" అని అడిగాను. వసారాలో అంతమంది కూర్చున్నా ఎవరూ అడగని ప్రశ్న.

"లేదు. ఈసారి ఆయప్ప తాళం మరిసిపోడు."

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగగానే చెల్లెలు సంచి భుజానికి తగిలించుకుంది.

"పొద్దున్నించి ఏమీ తిన్లేదు. దిగక్కా. ఈడ తింటే ఈ ఊరిదాన్నై పోతానేమో సూద్దాం."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎదురుగా ఉన్న హోటల్లో వేడి రాగిసంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పెట్టించుకున్నాం. కుప్పం ఎవరమ్మా అని కండక్టరు కేకేస్తే నేను గబుక్కున లేవబోయాను. చెల్లెలు తలెత్తకుండా ఇంకో ముద్ద అడిగింది. బస్సు వెళ్ళిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది.

"యాడుండారు? సేరినారా?"

"పుంగనూరులో తింటాండామమ్మా. ఎనిక్కొస్తాండాం. ఇద్దరం."

ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాను.

"ఊ" అంది అమ్మ. "దానికి కడుపునిండా తినిపించి పిల్సుకోని రా. మీ మామతో నేను మాట్లాడతా."