కేబుల్ టీవీలో నా వీపు

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోన్‌లో లెక్కల పాఠం పెట్టుకుని కూర్చుంటే, అందులోని సారు గుక్క తిప్పుకోకుండా అరగంట చెప్పి, "అర్థమైందా?" అని అడిగి, ఈ పిల్ల "కాలే సార్" అనేలోపే తరువాతి అధ్యాయంలోకి వెళ్లిపోయాడు, పైగా పాఠం పూర్తయిందని ఫోన్ తనంతట తానే పచ్చగుర్తు పెట్టేసింది. ఎవరికి పూర్తయిందట? నాకు ఒళ్లు మండిపోయింది.

దూరం నుంచి పాఠం చెప్పడమంటే ఏమిటో తెలియక కాదు నా కోపం. తెలంగాణ కోసం సమ్మె సాగిన రోజుల్లో మా సిద్దిపేటలో బడులు మూతపడ్డాయి. రాష్ట్రం రావాలని రోడ్డు మీదే వండుకుని తిన్నవాళ్లమే అందరం, కానీ పదో తరగతి పిల్లల సంగతేమిటి? మా పక్కింటి దర్జీ భాయ్ కూతురికి లెక్కలంటే వణుకు. ఈసారి తప్పితే చదువు మాన్పించి కుట్టుమిషన్ ముందు కూర్చోబెడతామని ఇంట్లో తేల్చేశారు. నా బడి చదువు అంతంతమాత్రమే అయినా, పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా లెక్కలు నేర్చుకుని ట్యూషన్లు చెప్పుకుంటున్న నన్ను ఊళ్లోని కేబుల్ టీవీవాళ్లు పిలిచి, రోజూ పాఠం చెప్పమన్నారు.

మొదటి రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గంటసేపు బోర్డు నిండా త్రిభుజాలు గీసి, ఘనకార్యం చేసినవాడిలా తిరిగొస్తుంటే దర్జీ భాయ్ తన గడప దగ్గరే ఆపాడు.

"ఏంది సారూ, గంటసేపు మీ వీపే సూపిచ్చిన్రు! అంగీ కుట్టమంటే ఇగ కొలతలు గూడ అక్కర్లే."

లోపలినుంచి ఆ పిల్ల మెల్లగా అంది: "మీరు అడ్డమున్నరు సార్, బోర్డు కనవడలే. ఆపి అడుగుదామంటే మీరేమో టీవీల ఉంటిరి."

ఆ పూట అన్నం సయించలేదు. మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. పొద్దున టీవీలో ఒక్క సంగతే, అదీ పక్కకు నిలబడి. చివర ఒక్క లెక్క ఇచ్చేవాణ్ణి. సాయంత్రం పిల్లలు, సమ్మె కోసం మేం రోడ్డు మీద కూర్చునే దీక్షా శిబిరం దగ్గరికి వచ్చి, బండ్లు లేని ఆ తారురోడ్డు మీద సుద్దముక్కతో ఆ లెక్క చేసేవాళ్లు. ఒకపక్క నినాదాలు, ఇంకోపక్క నేను వంగి వంగి ఎవరెక్కడ తప్పారో చూసుకోవడం. ఆ తప్పుతోనే మర్నాటి పాఠం మొదలయ్యేది. ఎక్కువసార్లు అది దర్జీ భాయ్ కూతురి తప్పే అయ్యేది. పరీక్షలో ఆ పిల్ల గట్టెక్కింది, చదువు ఆగలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోడ్డు వెడల్పయింది, ఇప్పుడు దాటడానికే నాకు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ప్రతి పిల్ల చేతిలో ఒక తెర ఉంది, అందులో బోర్డు అద్దంలా కనిపిస్తుంది. మా మనవరాలు మాత్రం దానితో ఇంకా "కాలే సార్" అంటూనే ఉంది. ఆ ఒక్క మాట వినడానికి, ఆ రోజుల్లో మాకు రోడ్డు రోడ్డంతా ఖాళీగా ఉండేది.